ఉమ్మడి సాఫ్ట్‌వేరు లైసెన్సులు – వంతుల ధర్మము



డెబ్బదియైదు సంవత్సరములు నిండిన పాఠశాల పండుగలో సాఫ్ట్‌వేరు లైసెన్సులను గూర్చి ప్రసంగమా అని కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. అయితే ఒక వస్తువును పలువురు పంచుకొని వాడుకొనుట పాఠశాలలకు క్రొత్త విద్య కాదు. తరగతి అంతటికి ఒకే భూగోళము, ప్రయోగశాల అంతటికి రెండు సూక్ష్మదర్శినులు, గ్రంథాలయము అంతటికి ఒకే నిఘంటువు ఉన్న రోజులలో చదువుకొన్నవారు ఈ సభలో పెక్కురు ఉందురు. వస్తువు తక్కువయినంత మాత్రమున చదువు ఆగలేదు. వంతు అనునది ఒకటి ఉండుటయే అందుకు కారణము. ఒకరి పని ముగిసిన వెంటనే వస్తువు మరియొకరి చేతికి చేరెడిది. పని ముగిసినను దానిని పట్టుకొని కూర్చున్నవానిని గురువు మందలించెడివాడు. నేడు అదే వంతు కంటికి కనబడని రూపమున కళాశాలలలోను, కార్యాలయములలోను, కంప్యూటరు గొలుసుల వెంట నడచుచున్నది. దానిని సరిగా నడిపినచో పిల్లల చదువు సాగును, సంస్థ ధనము నిలుచును. నడుపలేనిచో ధనము వ్యర్థమగును, దూరమున ఉన్నవాడు ఎవడో ఒకడు పనికి దూరమగును.

విరుదునగరమునకు కోవిల్‌పట్టి సుమారు 50 కిలోమీటర్ల దూరము. నడుమ సాత్తూరు. ఈ సీమ పేరు చెప్పగానే నల్లరేగడి నేల, ప్రత్తి, అగ్గిపెట్టెలు, నూనె, అపరాల వర్తకము గుర్తునకు వచ్చును. తెలుగు కుటుంబములు తరతరములుగా ఇచట స్థిరపడి యున్నవి. కోవిల్‌పట్టి చేరువ ఇడైసెవల్ గ్రామమున 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. తెలుగు కుటుంబములు వలస వచ్చి, అడవి కొట్టి, ఊరు నిలుపుకొన్న కథను ఆయన తమిళమున ‘గోపల్ల గ్రామము’ అను నవలగా వ్రాసెను. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను.

ఈ నేలపై నీరు అరుదు. కణ్మాయి అని ఇచటివారు పిలుచు చెరువుల క్రింద పొలములకు నీటిని వంతులవారీగా పారించుటకు కారణము అదియే. తూము తెరచుటకు, మూయుటకు నీరుగట్టి ఉండును. తన మడి తడిసిన తరువాత కూడ కాలువకు అడ్డు తీయనివాడు చెరువును దొంగిలించలేదు గాని, దిగువ రైతు పైరును ఎండగొట్టును. చెరువు నిండుగా ఉన్నను చివరి మడి ఎండవచ్చును. ఈ ఒక్క సంగతి గ్రహించినవారికి ఉమ్మడి లైసెన్సుల విషయమున సగము తెలిసినట్లే.

ఉమ్మడి సొమ్మును లెక్కతో నడుపుట కూడ ఈ సీమకు తెలిసిన విద్యయే. విరుదునగరపు వర్తకులు తమ వ్యాపారముపై మహమై అను స్వల్పమైన చెల్లింపును ఉమ్మడి నిధికి జమచేసెడివారు. 1889లో వెలసిన క్షత్రియ విద్యాశాలకు ఇంటింట పిడికెడు బియ్యము ప్రక్కన పెట్టి ఇచ్చిన సంగతి ప్రసిద్ధము. కామరాజు బాల్యమున చదివినది ఆ బడిలోనే. పిడికెడు పిడికెడుగా కూడినదానితో బడి నడచుటకు దాతృత్వము ఒక్కటియే చాలదు, ఖచ్చితమైన లెక్క కూడ వలయును.

ఇక నేటి సంగతి. కోవిల్‌పట్టిలో నేషనల్ ఇంజనీరింగ్ కళాశాల 1984లో వెలసెను. విరుదునగరము చెంత కామరాజ్ ఇంజనీరింగ్ కళాశాల 1998లో ప్రారంభమాయెను. ఈ ప్రాంతమున నూలు మిల్లులు కలవు, శివకాశిలో అచ్చుయంత్రశాలలు కలవు. ఇట్టి విద్యాసంస్థలలోను, పరిశ్రమలలోను యంత్రభాగముల చిత్రములు గీయుటకు, భవనముల బలము లెక్కించుటకు, విద్యుత్ వలయములను పరీక్షించుటకు, పుటలు కూర్చుటకు సాఫ్ట్‌వేరు కావలెను. వానిలో కొన్నిటి వెల వేలలో ఉండగా, చిప్‌ల రూపకల్పనకు, యంత్రశాస్త్ర గణనలకు పనికివచ్చువాని వెల లక్షలలో ఉండును. ఆ వెల చివరకు విద్యార్థి రుసుములోనో, సరకు ధరలోనో చేరును. కాబట్టి ఇది కంప్యూటరు గదికి మాత్రమే సంబంధించిన విషయము కాదు. రుసుము కట్టు తండ్రికి, జీతము అందుకొను ఉద్యోగికి కూడ సంబంధించినదే.

సాఫ్ట్‌వేరును కొనుట అని లోకము వాడుక. నిజమునకు సాధారణముగా కొనబడునది సాఫ్ట్‌వేరు కాదు, దానిని కొన్ని నియమములకు లోబడి వాడుకొను అనుమతి మాత్రమే. ఆ అనుమతికే లైసెన్సు అని పేరు. అది ముఖ్యముగా మూడు విధములు. మొదటిది యంత్రమునకు ఇచ్చునది: ఆ ఒక్క కంప్యూటరుపై ఎవరు కూర్చున్నను వాడవచ్చును, మరియొక కంప్యూటరుపై వాడరాదు. రెండవది వ్యక్తికి ఇచ్చునది: పేరు నమోదైన ఆ ఒక్కడే వాడవలెను. మూడవది ఏకకాల లైసెన్సు. కన్‌కరెంట్ లైసెన్సు అని వ్యవహారమున దీనినే అందురు. ఇందులో యంత్రమునకు గాని, వ్యక్తికి గాని పట్టింపు లేదు. ఒకే సమయమున ఎంతమంది వాడుచున్నారు అనునదే లెక్క. పది లైసెన్సులు ఉన్న సంస్థలో వంద కంప్యూటర్లపై సాఫ్ట్‌వేరును నెలకొల్పవచ్చును. పదిమంది దానిని తెరచి పనిచేయుచుండగా పదునొకండవవాడు తెరువబోయినచో లైసెన్సు ఖాళీ లేదను సమాధానము తెరపై వచ్చును. పదిమందిలో ఒకడు మూసిన వెంటనే పదునొకండవవానికి దారి దొరకును.

ఈ ఏర్పాటును నడుపునది లైసెన్సు సర్వరు. ఇది ఆ చెరువు నీరుగట్టి వంటిది. విరుదునగరములోని ప్రధాన కార్యాలయమున సర్వరు ఉన్నదని, కోవిల్‌పట్టిలో శాఖ ఉన్నదని ఊహించవచ్చును. కోవిల్‌పట్టిలో ఒకరు సాఫ్ట్‌వేరును తెరచిన క్షణమున ఆ కంప్యూటరు తీగ వెంట విరుదునగరపు సర్వరును అడుగును. సర్వరు తన పట్టిక చూచి, ఖాళీ ఉన్నచో ఒకటి ఇచ్చి, ఎవరికి, ఏ యంత్రమునకు, ఏ గంటకు ఇచ్చినదో వ్రాసికొనును. పని జరుగుచున్నంత సేపు ఆ కంప్యూటరునకు, సర్వరునకు మధ్య నిర్ణీత వ్యవధిలో పలకరింపులు నడచుచుండును. పలకరింపు ఆగిపోయినచో ఆ యంత్రము ఆరిపోయినదని గ్రహించి సర్వరు తన లైసెన్సును తిరిగి తీసికొనును. లేదని త్రిప్పిపంపిన ప్రతి సారియు ఆ తిరస్కారమును కూడ చిట్టాలో నమోదు చేయునట్లు ఏర్పాటు చేయవచ్చును. ఈ చిట్టాయే నిర్వాహకునికి కన్నులు. ఈ పనికి లోకమున విస్తారముగా వాడుకలోనికి వచ్చిన ఫ్లెక్స్‌ఎల్‌ఎమ్ అను సాధనము 1988లో పుట్టినది. నేడు అది ఫ్లెక్స్‌నెట్ అను పేరుతో నడచుచున్నది.

ఎన్ని లైసెన్సులు కొన్నచో చాలును? అందరికి ఒక్కొక్కటి కొనుట ధనవంతుల మాట. చాల తక్కువ కొనుట పని చెరుపుకొనుట. నడిమి దారిని చూపిన గణితము కంప్యూటర్ల కంటె పాతది. డెన్మార్కు దేశీయుడు ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ కోపెన్‌హాగన్ టెలిఫోను సంస్థలో పనిచేయుచు, ఎన్ని తీగలున్నచో నూటికి ఎందరికి తీగ దొరకదు అను ప్రశ్నకు సమాధానము వెదకెను. 1909లో తొలి వ్యాసము, 1917లో ప్రసిద్ధమైన సూత్రము ప్రకటించెను. అడుగువారు ఒకరితో ఒకరికి సంబంధము లేక యాదృచ్ఛికముగా వత్తురని, దొరకనివారు వేచియుండక వెళ్ళిపోదురని ఆ సూత్రము భావించును. తీగకు బదులు లైసెన్సు అనుకొన్నచో అదే లెక్క ఇచటను పనికివచ్చును.

ఒక ఉదాహరణ. కోవిల్‌పట్టి శాఖలో ఏ క్షణమున చూచినను సగటున నలుగురికి ఒక సాఫ్ట్‌వేరు అవసరము. విరుదునగరములోను అంతే. రెండు చోట్లను విడివిడిగా ఎనిమిదేసి లైసెన్సులు కొని పెట్టినచో, ఎర్లాంగ్ సూత్రము ప్రకారము నూరుసార్లు అడిగినపుడు సుమారు మూడుసార్లు లేదను సమాధానము వచ్చును. కొన్నవి మొత్తము 16. అట్లు గాక రెండు ఊళ్ళకు ఒకే ఉమ్మడి నిధి ఏర్పరచి వాడుకొన్నచో, నూటికి మూడు తిరస్కారములకు మించకుండుటకు ఇంచుమించు 13 చాలును. మూడు లైసెన్సుల వెల మిగులును. ఆ 16ను కొని ఉమ్మడిగా ఉంచినచో తిరస్కారములు రెండువందలసార్లకు ఒకటి కంటె తక్కువగును. ఒక ఊరిలో రద్దీ ఉన్నపుడు మరియొక ఊరిలో ఖాళీ ఉండుటయే ఇందలి రహస్యము. పిడికెడు బియ్యము బడిని నిలిపినట్లు, చిన్న చిన్న ఖాళీలు కూడి ఒక ఊరి అవసరమును తీర్చును.

ఇదే లెక్కకు మరియొక ముఖము కలదు. ప్రతి వ్యక్తియు పని ముగిసిన తరువాత సాఫ్ట్‌వేరును మూయక, తెరచి ఉంచి, టీ త్రాగుటకో, భోజనమునకో, మరియొక సమావేశమునకో వెళ్ళెననుకొన్నచో, అందువలన ఒక్కొక్కరు లైసెన్సు పట్టుకొను కాలము రెండింతలగును. పని పెరుగలేదు, జనము పెరుగలేదు. అయినను అదే 13 లైసెన్సుల వద్ద తిరస్కారములు నూటికి మూడునుండి సుమారు ముప్పదికి చేరును. కాలము రెండింతలైనచో కష్టము పదింతలాయెను. అట్టి స్థితిలో సంస్థవారు లైసెన్సులు చాలవని తలచి మరి కొన్ని కొందురు. నిజముగా చాలనిది లైసెన్సు కాదు, దానిని తిరిగి ఇచ్చు అలవాటు.

త్రిప్పిపంపబడినవాడు ఎవడు అను ప్రశ్న కూడ ముఖ్యమే. ఉదయము ముందుగా వచ్చి తెరచినవానికి దొరకును. ప్రధాన కార్యాలయమున కూర్చుండువానికి దొరకును. అనుభవము ఉన్నవాడు రేపు దొరకదేమో అను భయముతో ఈ రోజు మూయక ఉంచును. దొరకనిది బస్సు దిగి ఆలస్యముగా వచ్చిన విద్యార్థికి, శాఖలోని చిన్న ఉద్యోగికి, సాయంకాలపు తరగతివానికి. వారు ఫిర్యాదు చేయరు, లేచి వెళ్ళిపోవుదురు. వారి గొంతు వినిపించునది చిట్టాలోని తిరస్కారముల పుటయందు మాత్రమే. ఆ పుటను నెలకు ఒకసారియైనను చదువని నిర్వాహకుడు తన సంస్థలో ఏ లోటును లేదనుకొనును.

ఇందుకు సాధనములు కలవు. మొదటిది గడువు: నిర్ణయించిన కాలము కదలిక లేనిచో సర్వరు లైసెన్సును తిరిగి తీసికొనును. ఈ గడువును సాఫ్ట్‌వేరు తయారీదారు అనుమతించిన మేరకే పెట్టవచ్చును. మరియు రాత్రి పొడుగున జరుగు దీర్ఘ గణనలను అది తెంచకుండునట్లు చూడవలెను. రెండవది కేటాయింపు: కొన్ని లైసెన్సులను ఒక తరగతికో, ఒక శాఖకో ప్రత్యేకించుట. పరీక్షల దినములలో ఇది మేలు. అయితే కేటాయించినవి వాడుకలో లేకున్నను ఇతరులకు దొరకవు. ఉమ్మడి చెరువులో గట్టు వేసినట్లగును. గట్టు పెరిగినకొలది ఉమ్మడి లాభము తరుగును. మూడవది గరిష్ఠ పరిమితి: ఏ ఒక్క విభాగమును ఇన్నిటికి మించి తీసికొనరాదను కట్టుబాటు. నాల్గవది అరువు: తీగ అందని చోటికి ల్యాప్‌టాప్‌ను తీసికొనిపోవువారు కొన్ని దినములకు లైసెన్సును వెంటగొనిపోవుట. గడువు తీరువరకు, లేక ముందుగా తిరిగి అప్పగించువరకు, అది ఇంటి అలమారలో ఉన్నను సర్వరు లెక్కలో వాడుకలో ఉన్నట్లే. కాబట్టి అరువునకు దినముల పరిమితి, ఇన్నే అను సంఖ్యా పరిమితి రెండును వలయును.

ఎర్లాంగ్ సూత్రము ఎంత మంచిదైనను పాఠశాల గంట ముందు తలవంచును. పది గంటలకు గంట మ్రోగగా ముప్పదిమంది విద్యార్థులు ఒక్కసారిగా కూర్చుండి ఒకే సాఫ్ట్‌వేరును తెరతురు. ఇది యాదృచ్ఛికము కాదు. ముప్పదిమందికి ముప్పది కావలెను. ఇచట గణితము కంటె కాలపట్టిక గొప్పది. కోవిల్‌పట్టి ప్రయోగ తరగతులు ఉదయమున, విరుదునగరపు తరగతులు మధ్యాహ్నమున పెట్టినచో అరువదికి బదులు ముప్పదితో రెండు ఊళ్ళ పిల్లల చదువు సాగును. ఈ నిర్ణయమునకు పైసా ఖర్చు లేదు, ఇద్దరు ఉపాధ్యాయులు ఒక గంట కూర్చుండి మాటలాడుకొన్నచో చాలును. పాఠశాలలలో కాలపట్టికను కూర్చు ఉపాధ్యాయుని పని చిన్నదని తలచువారు ఈ లెక్కను చూడవలెను.

దూరపు సంబంధమునకు మరియొక చిక్కు కలదు. రెండు ఊళ్ళ నడుమ తీగ తెగినచో, విద్యుత్తు పోయి విరుదునగరపు సర్వరు ఆరిపోయినచో, కోవిల్‌పట్టిలో యంత్రములు అన్నియు బాగుండియు పని ఆగిపోవును. ఇందుకు కొన్ని చోట్ల మూడు సర్వర్లను జతగా నడుపుదురు. మూటిలో రెండు పనిచేయుచున్నంత వరకు లైసెన్సులు అందుచుండును. రెండు ఆరిపోయినచో అన్నియు ఆగును. ఆ స్థోమత లేనిచోట, లైసెన్సు ఫైలు ప్రతిని, సర్వరు వివరములను, తయారీదారుతో జరిగిన ఒప్పందమును ఒకే చోట భద్రపరచి, ఇద్దరికైనను ఆ పని నేర్పి ఉంచవలెను. ఒక్కని జ్ఞాపకముపై నిలిచిన ఏర్పాటు ఆ ఒక్కడు సెలవు పెట్టిన దినమున కూలిపోవును.

ఇంతవరకు చెప్పినది యంత్రము చేయగలిగిన పని. అయితే యంత్రము అంగీకరించినదంతయు ఒప్పందము అంగీకరించదు. కొన్ని లైసెన్సులు ఒకే భవనమునకు లేక ఒకే ప్రాంగణమునకు పరిమితములు. తీగ వెంట 50 కిలోమీటర్ల దూరమున వాడుకొనుట సాంకేతికముగా సులభమైనను, ఆ ఒప్పందము ప్రకారము అది అతిక్రమణ కావచ్చును. విశాల ప్రాంతమునకు వర్తించు లైసెన్సుకు వెల హెచ్చుగా ఉండుటయు కలదు. విద్యాబోధనకు తక్కువ వెలకు ఇచ్చినదానిని వ్యాపార పనులకు వాడరాదను నియమము కూడ సాధారణము. కొనుటకు ముందే ఒప్పందమును చదివి, రెండు ఊళ్ళ పేర్లు అందులో వ్రాయించుకొనుట మేలు.

చట్టము సంగతియు తెలిసికొనవలెను. భారత దేశమున 1957 నాటి కాపీరైటు చట్టమును 1984లో సవరించి కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్యరచనల కోవలో చేర్చిరి. 1994 నాటి సవరణ ద్వారా 63-బి విభాగము వచ్చెను. అక్రమ ప్రతి అని తెలిసియు కంప్యూటరుపై వాడినవారికి ఏడు దినములకు తగ్గకుండ మూడు సంవత్సరములవరకు కారాగారము, యాబదివేల రూపాయలకు తగ్గకుండ రెండు లక్షలవరకు జరిమానా విధించుటకు అది వీలు కల్పించుచున్నది. లాభము కొరకు గాని, వ్యాపారమున గాని వాడనియెడల కారాగారము లేకుండ జరిమానాతో విడిచిపెట్టు అధికారము న్యాయస్థానమునకు కలదు. సక్రమమైన లైసెన్సు ఉండియు వంతు దొరకక విసిగిన విద్యార్థి దొంగ ప్రతిని ఎక్కించుకొనుటకు లోనగుట సహజము. ఆ తప్పులో కొంత భాగము వంతును సరిగా నడుపని సంస్థదే. దొంగ ప్రతులను నిషేధించు ప్రకటనను గోడకు అంటించుట కంటె, వాడనివాని చేతినుండి లైసెన్సును విడిపించుట నిజాయితీకి ఎక్కువ బలము.

కాలము మారుచున్నది. 2013లో అడోబి సంస్థ తన ప్రధాన సాఫ్ట్‌వేర్లను ఇకపై చందా పద్ధతిలోనే ఇచ్చునట్లు ప్రకటించెను. 2020లో ఆటోడెస్క్ సంస్థ పలువురు పంచుకొను చందాలను క్రమముగా తొలగించి, పేరు నమోదైన వ్యక్తికి మాత్రమే లైసెన్సు అను పద్ధతికి మరలుట ప్రారంభించెను. పంచుకొను పద్ధతివలన లాభము పొందినవారికి ఇది ఒక హెచ్చరిక. ఏ సాఫ్ట్‌వేరును ఎందరు, ఎన్ని గంటలు వాడుచున్నారో లెక్క ఉన్న సంస్థ అట్టి మార్పు వచ్చినపుడు తయారీదారు ఎదుట నిలిచి బేరమాడగలదు. లెక్క లేనివారు చెప్పిన వెల ఇచ్చి రావలసినదే.

ఇదే ఉమ్మడి సూత్రమును దేశవ్యాప్తముగా అమలుపరచిన ఉదాహరణములు కలవు. చిప్‌ల రూపకల్పనకు కావలసిన సాఫ్ట్‌వేరు మిక్కిలి ఖరీదైనది కనుక, 1998లో ప్రారంభమైన ప్రత్యేక మానవవనరుల కార్యక్రమము క్రింద భారత ప్రభుత్వము ఎంపికచేసిన విద్యాసంస్థలకు దానిని సమకూర్చెను. తరువాత చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమము క్రింద బెంగుళూరులోని సి-డాక్ సంస్థయందు చిప్‌ఇన్ కేంద్రము ఏర్పడెను. అచటనుండి మూడు వందలకు పైబడిన విద్యాసంస్థలకు, నూతన వ్యాపార సంస్థలకు ఈ సాఫ్ట్‌వేరు దూరమునుండియే అందుచున్నది. 85,000 మందికి శిక్షణ ఇచ్చుట ఆ కార్యక్రమ లక్ష్యము. ఒక్కొక్క కళాశాల తనంతట తాను కొనలేనిదానిని అందరు కలసి వంతుగా వాడుకొనుటయే ఇది. పరిశోధన పత్రికల విషయమున మరియొక మార్గము త్రొక్కిరి. ‘ఒకే దేశము, ఒకే చందా’ పథకమును కేంద్ర మంత్రివర్గము 2024 నవంబరు 25న ఆమోదించెను. మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, సుమారు 6,300 సంస్థలలోని 1.8 కోట్ల మందికి సుమారు 13,000 పత్రికలు అందునట్లు ఏర్పాటు చేసిరి. చిన్న ఊరి కళాశాలకు పెద్ద నగరపు విద్యాపీఠముతో సమానమైన వాకిలి తెరచుట ఈ రెండింటి ఆశయము.

వంతే అక్కరలేని సాఫ్ట్‌వేరు కూడ కలదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అని పిలువబడు దానిని ఎందరైనను, ఎన్ని యంత్రములపైనైనను వాడుకొనవచ్చును. బొంబాయి ఐ.ఐ.టి.లోని ఫాసీ ప్రాజెక్టు సైలాబ్ వంటి స్వేచ్ఛా సాధనములను కళాశాలలలో ప్రచారము చేయుచున్నది. ఉత్తరములు వ్రాయుటకు, లెక్కల పట్టికలు వేయుటకు లిబ్రాఫీస్ చాలును. సాధారణ పనులకు వీనిని వాడి, ఖరీదైన లైసెన్సును అది తప్పనిసరియైన పనికే ఉంచుట వివేకము. ఊరి బావి నీటితో తీరు అవసరమునకు చెరువు తూము ఎత్తనక్కరలేదు.

ఇన్ని మాటల సారము స్వల్పము. కొనుటకు ముందు లెక్కించవలెను. లెక్కించుటకు ముందు తిరిగి ఇచ్చుట అలవరచుకొనవలెను. యాజమాన్యము ప్రతి సంవత్సరము చందా చెల్లించుటకు ముందు, ఏ గంటలో ఎందరు వాడిరి, ఎందరు దొరకక తిరిగిపోయిరి అను రెండు అంకెలు అడుగవలెను. నిర్వాహకుడు ఆ రెండు అంకెలను అన్ని శాఖలకు కనబడునట్లు ప్రకటించవలెను. తన వంతు ఎచట పోవుచున్నదో కోవిల్‌పట్టివానికి తెలియవలెను. ఉపాధ్యాయులు కాలపట్టికలను కలసి కూర్చవలెను. విద్యార్థి గది విడుచునపుడు దీపము ఆర్పినట్లు సాఫ్ట్‌వేరును మూయవలెను. తల్లిదండ్రులు కళాశాలకు వెళ్ళినపుడు కంప్యూటర్లు ఎన్ని అని మాత్రమే గాక, బిడ్డకు వారమునకు ఎన్ని గంటలు వంతు దొరకుచున్నదని అడుగవలెను. అద్దాల గదిలో వరుసగా నిలిచిన యంత్రములు చూడ ముచ్చటగా ఉండవచ్చును. దొరకని లైసెన్సు ముందు అవి ఎండిన కాలువ వంటివి.

ఒకే నిఘంటువును వంతుగా చదివినవారిలో పండితులైనవారు ఉన్నారు. ఒకే సూక్ష్మదర్శినిలో వంగి చూచినవారిలో వైద్యులైనవారు ఉన్నారు. వారికి ఆనాడు కొరత నేర్పిన మర్యాదయే, సాధనములు వేయింతలైన నేటికిని కావలసినది. పని తీరగానే ప్రక్కవానికి అందించు ఆ గుణమును డెబ్బదియైదు వత్సరములు నేర్పిన ఈ విద్యాలయము శతవత్సరోత్సవమును కూడ ఇదే వైభవముతో జరుపుకొనుగాక. స్వస్తి.